ఒకే ధరలో రెండు ఆయుధాలు: ఏది కొనాలి?

ప్రశ్న: నేను కొన్ని నెలలుగా మౌస్‌హంట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడుతున్నాను. ఇప్పటిదాకా కూడబెట్టిన గోల్డ్ (ఆటలోని డబ్బు) ఒక్క కొనుగోలుకు మాత్రమే సరిపోతుంది. ధర దాదాపు సమానంగా ఉన్న రెండు ఆయుధాల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. రెండూ ఫిజికల్ రకానివే. నా దగ్గరున్న బేస్‌తో (ఆయుధం కింద అమర్చే పీఠంతో) కలిపి చూస్తే మొదటిదానికి పవర్ 2,400, లక్ 6 వస్తున్నాయి. రెండోదానికి పవర్ 1,800, లక్ 12. కళ్లు మూసుకుని పవర్ ఎక్కువున్నది కొనెయ్యమని తోటి ఆటగాళ్లు అంటున్నారు. అసలు ఆ గోల్డ్‌తో ఆయుధం కాక బేస్ మార్చుకోమని ఒకరు సలహా ఇచ్చారు. ఏది మేలు?

జవాబు: ఈ ఆట తెలియని పాఠకుల కోసం ముందుగా రెండు మాటలు. హిట్‌గ్రాబ్ సంస్థ 2008లో ఫేస్‌బుక్‌లో మొదలుపెట్టిన ఈ ఆటలో వేటాడేది ఎలుకలను. ఆయుధం, బేస్ కలిపి బోను అమర్చి, అందులో చీజ్ పెట్టి, 15 నిమిషాలకొకసారి వేట కొమ్ము ఊదాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడమన్నది మన భాషలో ఎగతాళి మాట. ఇక్కడ మాత్రం ఏళ్ల తరబడి చేసే పని అదే.

ఇక మీ ప్రశ్న. ధర ఒక్కటైనంత మాత్రాన రెండు ఆయుధాలూ ఒకే పనికి వస్తాయనుకోకూడదు. సాధారణంగా మొదట చూడవలసింది రకం. ఫిజికల్, టాక్టికల్, షాడో, ఆర్కేన్ వంటి రకాల్లో ఏది ఏ ఎలుక మీద ఎంత పనిచేస్తుందన్నది ఎలుకను బట్టి మారుతుంది. రకం పొసగకపోతే ఎంత పవర్ ఉన్నా సగానికి, ఒక్కోచోట సున్నాకు పడిపోతుంది. మీ రెండు ఆయుధాలూ ఒకే రకానివి కాబట్టి ఆ తగువు మీకు లేదు. మిగిలింది పవర్, లక్‌ల మధ్య తూకం.

ఈ తూకానికి ఆటగాళ్లు లెక్కలు కట్టి రాబట్టిన సూత్రం ఒకటి ఉంది. ఆయుధ రకం పూర్తిగా, అంటే 100 శాతం పనిచేసే ఎలుక విషయంలో అది ఇలా ఉంటుంది: లక్‌ను లక్‌తోనే గుణించి, వచ్చినదాన్ని రెట్టింపు చేసి, బోను పవర్‌కు కలపాలి; ఆ మొత్తాన్ని బోను పవర్, ఎలుక పవర్ కలిపిన సంఖ్యతో భాగించాలి. వచ్చేది ఎలుక చిక్కే అవకాశం. పవర్ భాగహారంలో పైనా ఉంది, కిందా ఉంది. లక్ పైన మాత్రమే ఉంది, అదీ వర్గమై కూర్చుంది. మీ తోటి ఆటగాళ్లు గమనించనిది ఇదే.

మీరిచ్చిన అంకెలనే ఇందులో వేసి చూద్దాం. మొదటి ఆయుధానికి పైన వచ్చేది 2,400కు 72 కలిపి 2,472. రెండోదానికి 1,800కు 288 కలిపి 2,088. ఎలుక పవర్ 500 అనుకుంటే మొదటిది నూటికి 85 సార్లు, రెండోది 91 సార్లు పట్టుకుంటుంది. అంటే తేలిక ఎలుకల దగ్గర పవర్ తక్కువున్న ఆయుధమే గెలుస్తోంది. ఎలుక పవర్ 1,500 దగ్గరకు వచ్చేసరికి రెండూ నూటికి 63 దగ్గర సమానమవుతాయి. అక్కడి నుంచి వరస తిరగబడుతుంది: 5,000 పవర్ ఉన్న ఎలుక మీద మొదటిది నూటికి 33, రెండోది 31. కాబట్టి మీరు ఏ ప్రాంతంలో వేటాడుతున్నారో, అంతకంటే ముఖ్యంగా తర్వాత ఏ ప్రాంతానికి వెళ్లబోతున్నారో చెప్పకుండా ఎవరు ఏ ఆయుధాన్ని సిఫారసు చేసినా అది గాలిలో లెక్కే. నూటికి ఆరు ఎలుకల తేడా చిన్నదిగా కనిపించవచ్చు. అయితే వంద కొమ్ములంటే ఒక్కటీ తప్పకుండా ఊదినా 25 గంటల ఆట, తప్పించుకున్న ప్రతి ఎలుకతో పాటు ఒక చీజ్ ముక్క దండగ, దానికి తోడు కొన్ని ఎలుకలు పోతూ పోతూ మీ గోల్డ్ కూడా ఎత్తుకుపోతాయి.

బేస్ మార్చుకోమన్న సలహాను కొట్టిపారేయకండి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట అదే. ఆయుధం ఒక రకానికి కట్టుబడి ఉంటుంది, మంచి బేస్‌ను అన్ని రకాల ఆయుధాల కిందా వాడుకోవచ్చు. పైగా బేస్ మారితే మీ రెండు ఆయుధాల మధ్య పోటీయే మారిపోతుంది. పవర్ ఇంతే ఉండి, లక్‌ను ఇప్పటికంటే 10 పెంచే బేస్ దొరికిందనుకోండి. మొదటి ఆయుధంతో లక్ 16, రెండోదానితో 22 అవుతాయి. ఇందాక 5,000 పవర్ ఎలుక దగ్గర వెనకబడిన రెండో ఆయుధం ఇప్పుడు నూటికి 41కి చేరుతుంది, మొదటిది 39 దగ్గర ఆగుతుంది. లక్ ముందే ఎక్కువగా ఉన్నచోట కొత్తగా చేరిన ప్రతి లక్ మరింత బరువు తూగుతుంది, వర్గం మహిమ అది. అదే లక్ కాక పవర్‌ను శాతంలో పెంచే బేస్ అయితే పవర్ పెద్దదైన ఆయుధానికే ఎక్కువ కలిసివస్తుంది. కనుక బేస్ ఎంపిక, ఆయుధం ఎంపిక విడివిడిగా చేయదగినవి కావు.

ఇంక ఎలుకలను రప్పించే అట్రాక్షన్ బోనస్ మాట. అది చీజ్ వదిలేసిన ఖాళీని మాత్రమే కొంత పూడుస్తుంది. చీజ్ నూటికి 80 సార్లు ఎలుకను రప్పిస్తే, 10 శాతం బోనస్ ఆ మిగిలిన 20లో పదోవంతును కలిపి 82 చేస్తుంది, 90 కాదు. దాదాపు ప్రతిసారీ రప్పించే ఖరీదైన చీజ్ వాడేవారు ఈ బోనస్‌ను చూడనక్కరలేదు.

నన్ను తేల్చి చెప్పమంటే, మీరు తేలిక ఎలుకల ప్రాంతంలోనే మరికొంతకాలం ఉండేట్టయితే రెండో ఆయుధం కొనండి, తర్వాత కూడబెట్టే గోల్డ్‌ను లక్ పెంచే బేస్‌కు దాచుకోండి. వెంటనే బరువైన ఎలుకల దగ్గరకు వెళ్లాలని ఉంటే, బేస్ ఇప్పట్లో మారే వీలు లేకపోతే, మొదటిదే సరి. 20,000 పవర్ ఎలుకల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి; ఆ మంచి బేస్ వేసినా రెండు ఆయుధాలూ నూటికి 13 దగ్గరే ఆగుతాయి.

ప్రశ్న: కొత్త ఆయుధానికి గోల్డ్ కొంచెం తక్కువపడింది. వాడకుండా పడి ఉన్న పాత టాక్టికల్ ఆయుధాన్ని అమ్మేయవచ్చా?

జవాబు: తొందరపడకండి. అమ్మితే కొన్న ధర మొత్తం తిరిగి రాదు. టాక్టికల్ తప్ప మరొకటి సరిగా పనిచేయని ఎలుకలు ఎదురైనప్పుడు మళ్లీ పూర్తి ధర పెట్టి కొనుక్కోవలసి వస్తుంది. అదే రకంలో పవర్, లక్ రెండూ ఎక్కువున్న ఆయుధం మీ చేతిలో ఉంటే తప్ప పాతదాన్ని వదులుకోవద్దు. పరిమిత కాలం మాత్రమే అమ్మకానికి వచ్చిన ఆయుధమైతే అప్పుడు కూడా ఉంచుకోవడమే మంచిది. తక్కువపడిన గోల్డ్ కొంచెమే అంటున్నారు కనుక, ఆటలోనే ఉన్న పట్టిక తెరిచి మీ బోనుకు ఏ ఎలుకలు ‘ఎఫర్ట్‌లెస్’ (సునాయాసం) అని, ఏవి ‘డిఫికల్ట్’ అని చూపుతోందో చూడండి. మొదటి కోవకు చెందినవి ఎక్కువగా తిరిగే చోట ఒకటి రెండు రోజులు కొమ్ము ఊదుతూ కూర్చోండి.