డీబగ్గర్‌లో పై ఫ్రేమ్‌కి వెళ్లి రిజిస్టర్ మారిస్తే సీపీయూలోది మారుతుందా?

చాలాసార్లు మారదు: జీడీబీ అనే డీబగ్గర్‌లో ‘అప్’ కొట్టి (అంటే పిలిచిన ఫంక్షన్ ఫ్రేమ్‌కి వెళ్లి) ఆర్‌బీఎక్స్ అనే రిజిస్టర్‌కి విలువ ఇస్తే, కింది ఫంక్షన్, అంటే అది పిలిచిన ఫంక్షన్, పాత విలువను స్టాక్‌లో దాచి ఉంటే ఆ చోటే మారుతుంది.

పై ఫ్రేమ్ ఇంకా తన వంతు కోసం ఆగి ఉంది. అది మళ్లీ నడిచేటప్పటికి రిజిస్టర్లలో ఏముంటుందో డీబగ్గర్ అన్‌వైండ్ సమాచారం (ఏ రిజిస్టర్ ఎక్కడ దాచి ఉందో చెప్పేది) చూసి లెక్కగట్టి చూపిస్తుంది. కింది ఫంక్షన్ ఆర్‌బీఎక్స్‌ని ముట్టుకోకపోతే మాత్రం రాత నేరుగా సీపీయూకే వెళ్తుంది.

కింది ఫంక్షన్ మొదట్లో ‘పుష్ ఆర్‌బీఎక్స్’ (దాని విలువను స్టాక్‌లో దాచే ఆదేశం) అయిపోయిందనుకోండి. ఫ్రేమ్ 0లో, అంటే ఇప్పుడు నడుస్తున్న ఈ కింది ఫంక్షన్‌లో, ‘ఇన్ఫో ఫ్రేమ్’ కొడితే అది దాచిన చిరునామా కనిపిస్తుంది. దాన్ని పిలిచిన ఫ్రేమ్ 1లో ఆర్‌బీఎక్స్‌కి 5 ఇస్తే ఆ చిరునామాలో 5 పడుతుంది. ఫ్రేమ్ 0లో పాత విలువే ఉంటుంది. దాచినదాన్ని తిరిగి తెచ్చే ‘పాప్’ నడిచాకే 5 సీపీయూలోకి వస్తుంది.

డీబగ్గర్‌లో ఇలా రిజిస్టర్లకు రాసే కోడ్‌ని ఎవరైనా మారిస్తే, ఆ మార్పును రివ్యూ చేసేవాళ్లు ఈబీఎక్స్ (ఆర్‌బీఎక్స్‌లో కింది సగం) లాంటి సూడో రిజిస్టర్లను, అంటే వేరే రిజిస్టర్‌లో భాగంగా డీబగ్గర్ చూపించేవాటిని, తప్పక పరీక్షించాలి. ఆర్‌బీఎక్స్ సరిగ్గా పనిచేసినా, ఈబీఎక్స్ రాత ఫ్రేమ్‌ని దాటేసి నేరుగా రిజిస్టర్ క్యాష్‌లోకి (డీబగ్గర్ సీపీయూ విలువలను ఉంచుకునే చోటికి) వెళ్తే, నడుస్తున్న ఫంక్షన్ విలువే చెడుతుంది. ఎర్రర్ కూడా రాదు, అదే చిక్కు.

‘ఇన్ఫో రిజిస్టర్స్’ ఎప్పుడూ సీపీయూనే చూపిస్తుందనేది అపోహ. ఫ్రేమ్ 1లో కనిపించే ఆర్‌ఏఎక్స్‌నైతే అసలే నమ్మకూడదు: దాన్ని దాచే బాధ్యత కింది ఫంక్షన్‌ది కాదు, కాబట్టి సాధారణంగా ఫ్రేమ్ 0 విలువే అక్కడా కనిపిస్తుంది.