పడిన షేరు సగటు తగ్గించుకోవడానికి టాప్‌అప్ లోన్ తీసుకోనా?

ప్రశ్న: నా వయసు 32. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య, రెండేళ్ల పాప, షుగర్ ఉన్న అమ్మ నా మీదే ఆధారపడి ఉన్నారు. వైద్యం, సైన్స్, కంప్యూటింగ్, పర్సనల్ ఫైనాన్స్‌లో కొత్తగా వచ్చే అధ్యయనాలు రోజూ చదువుతాను. ఒక మందు రెండో దశ ట్రయల్‌లో బాగా పనిచేసిందన్న పత్రం చదివి ఆ కంపెనీ షేర్లు కొన్నాను. క్వాంటమ్ కంప్యూటింగ్ మీద మరో పత్రం చదివి ఇంకో కంపెనీ షేర్లు కొన్నాను. వయసులో ఉన్నవాళ్లు అప్పు చేసైనా షేర్లలో పెట్టడం మేలని ఆర్థికవేత్తల అధ్యయనం ఒకటి ఉంది కదా, ఆ ధైర్యంతో పది నెలల జీతమంత పర్సనల్ లోన్ తీసుకొని రెండింటిలో చెరిసగం పెట్టాను. వడ్డీ 15 శాతం, గడువు ఐదేళ్లు, ఏడాది కట్టాను. మూడో దశ ట్రయల్ విఫలమై మందుల షేరు 60 శాతం పడిపోయింది. రెండోది 20 శాతం పెరిగింది. డబ్బు ఊరికే ఉంచితే ద్రవ్యోల్బణం తినేస్తుందని చేతిలో నగదేమీ ఉంచుకోలేదు. ఆరోగ్య బీమా ఆఫీసు ఇచ్చిందే. ఉన్న లోన్ మీదే అదనంగా ఇచ్చే టాప్‌అప్ లోన్ ఇస్తానని బ్యాంకు అంటోంది. అది తీసుకొని పడిన షేరు ఇంకా కొని సగటు ధర తగ్గించుకోనా?

జవాబు: వద్దు. టాప్‌అప్ కాగితాల మీద సంతకం పెట్టకండి. బ్యాంకు ఇస్తానంటోందంటే మీరు ఇప్పటిదాకా ఈఎంఐలు సరిగ్గా కట్టారని అర్థం. ఆ షేరు మళ్లీ లేస్తుందో లేదో బ్యాంకు చూడలేదు, దానికి ఆ అవసరమూ లేదు.

మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబివ్వడానికి కారణం ఉంది. చదువుకున్నవాళ్లు, లెక్కలు తెలిసినవాళ్లు ఇదే పొరపాటు చేయడం ఈ మధ్య చాలా చూస్తున్నాను. పుకారు విని కొన్నవాళ్లకు లోలోపల ఎక్కడో భయం ఉంటుంది. అధ్యయనం చదివి కొన్నవాళ్లకు ఆ భయం ఉండదు. అందుకే అప్పు చేసి మరీ కొంటారు.

ముందు మీకు ధైర్యమిచ్చిన అధ్యయనం సంగతి. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ ఏరెస్, బారీ నేల్‌బఫ్ చేసిన లెక్క గురించే మీరు చెబుతున్నట్టున్నారు. వయసులో ఉన్నప్పుడు అప్పుతో కలిపి ఎక్కువ మొత్తం షేర్లలో ఉంచి, వయసు పెరిగేకొద్దీ తగ్గించుకుంటూ వస్తే పదవీ విరమణ నాటికి రిస్కు తగ్గుతుందన్నది వాళ్ల వాదన. కానీ వాళ్లు లెక్క వేసింది మొత్తం మార్కెట్‌ను ప్రతిబింబించే సూచీ మీద. అప్పు కూడా తక్కువ వడ్డీకి దొరుకుతుందనుకొని వేశారు. ఎక్కువ వడ్డీ అప్పులున్నవాళ్లు ముందు వాటిని తీర్చుకోవాలని వాళ్లే చెప్పారు. మీ దగ్గరున్నవి రెండే రెండు షేర్లు, మీ వడ్డీ 15 శాతం. వాళ్ల లెక్కలో మీరు లేరు.

మందుల షేరు విషయంలోనూ అంతే. రెండో దశ ట్రయల్ సాధారణంగా కొన్ని పదుల నుంచి కొన్ని వందల మంది రోగుల మీద జరుగుతుంది. అసలు పరీక్ష మూడో దశలో, ఎక్కువ మంది మీద జరుగుతుంది. తొలి దశలో అడుగుపెట్టిన మందుల్లో చివరికి అనుమతి దాకా వెళ్లేవి సుమారు పదిలో ఒకటి. పెద్ద కంపెనీలకూ ఈ దెబ్బ తప్పదు. 2019 మార్చిలో అమెరికా మందుల కంపెనీ బయోజెన్ తన అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) మందు మీద నడుస్తున్న రెండు పెద్ద ట్రయల్స్‌ను ఆపేస్తున్నామని ప్రకటించిన రోజే దాని షేరు దాదాపు 30 శాతం పడిపోయింది. వేరే మందులు అమ్ముకుంటూ ఆదాయమున్న కంపెనీ కాబట్టి తట్టుకుంది.

మందుల రంగంలోనే కాదు, మిగతా సైన్స్‌లోనూ ఇదే జరుగుతుంది. 2023 జులైలో మామూలు ఉష్ణోగ్రత దగ్గరే సూపర్ కండక్టర్‌గా, అంటే కరెంటును ఏ నిరోధమూ లేకుండా ప్రవహించనిచ్చేదిగా, పనిచేసే పదార్థం తయారుచేశామని, దానికి ఎల్‌కే-99 అని పేరు పెట్టామని దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు పత్రం పెట్టారు. ఇతర నిపుణులు ఇంకా సమీక్షించని పత్రం అది. రోజుల్లోనే అక్కడ ఆ రంగంతో సంబంధం ఉందనుకున్న కంపెనీల షేర్లు ఎగబాకాయి. ఆగస్టులో మిగతా ప్రయోగశాలలు ప్రయత్నించి, అది సూపర్ కండక్టర్ కాదని తేల్చాయి. ఆ కొద్ది వారాల్లో అప్పు చేసి కొన్నవాళ్ల పరిస్థితి ఆలోచించండి. పత్రం తప్పయినా వాళ్ల ఈఎంఐ మాత్రం నెలనెలా వస్తూనే ఉంటుంది.

పత్రం నిజమే అయినా మీకు మిగిలేది తక్కువే. మెక్‌లీన్, పాంటిఫ్ అనే ఇద్దరు పరిశోధకులు షేర్ల రాబడిని ముందే పట్టిస్తాయని చెప్పిన 97 సూత్రాలను తీసుకొని, అవి ప్రచురితమయ్యాక ఎలా పనిచేశాయో చూశారు. ప్రచురణ తర్వాత రాబడి 58 శాతం తగ్గిపోయింది. అందరికీ తెలిసిన విషయం ధరలో ముందే కలిసిపోతుంది. మీరు పొద్దున చదివిన పత్రాన్ని ఆ రంగంలోనే పనిచేసేవాళ్లు మీకంటే ముందే చదివి ఉంటారు.

ఇక మీ అప్పు లెక్క. పది నెలల జీతమంత అప్పు, 15 శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే మీ ఈఎంఐ జీతంలో దాదాపు 24 శాతం. గడువు ముగిసేసరికి మీరు కట్టేది 14 నెలల జీతానికి పైమాటే. ఏడాది కట్టినా ఇంకా ఎనిమిదిన్నర నెలల జీతమంత అసలు బాకీ ఉంది, ఎందుకంటే మొదటి ఏడాది మీరు కట్టినదాంట్లో సగం వడ్డీకే పోయింది. మందుల షేరులో పెట్టిన ఐదు నెలల జీతం రెండు నెలల జీతమైంది. అది మళ్లీ ఐదు కావాలంటే 60 శాతం పెరిగితే చాలదు, 150 శాతం పెరగాలి. సగటు తగ్గించుకుంటే కాగితం మీద అంకె చిన్నదవుతుంది, పోయిన మూడు నెలల జీతం మాత్రం తిరిగి రాదు. పైగా విఫలమైన మందు మీద 15 శాతం వడ్డీతో ఇంకో పందెం కాసినట్టవుతుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది షేర్లు కాదు. చేతిలో నగదేమీ లేదన్న ఒక్క వాక్యం. ఇల్లు గడవడానికి మీ ఒక్క జీతమే దిక్కు, పాప చిన్నది, అమ్మగారికి షుగర్. రేపు ఉద్యోగం పోతే మొదటి నెల ఈఎంఐ ఎక్కడి నుంచి కడతారు? క్రెడిట్ కార్డు ఉందంటారేమో. కార్డు లిమిట్ అత్యవసర నిధి కాదు, అది ఇంకా ఎక్కువ వడ్డీకి రెడీగా పెట్టిన మరో అప్పు. అప్పుడు షేర్లు ఏ ధరకు అమ్ముడుపోతే ఆ ధరకు అమ్ముకోవాలి. ఉద్యోగాలు పోయే కాలంలోనే మార్కెట్లూ పడుతుంటాయి కాబట్టి సాధారణంగా అది చెడ్డ ధరే అవుతుంది.

ద్రవ్యోల్బణం తినేస్తుందన్న మాట నిజమే. ఆరు నెలల ఖర్చును పొదుపు ఖాతాలోనో లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచితే ఏటా దాని విలువ కొంత తగ్గుతుంది. తగ్గనివ్వండి. ఆ డబ్బు పని సంపాదించడం కాదు, మిగతా డబ్బును తప్పుడు రోజున కదిలించకుండా కాపాడటం. 2013లో తమిళనాడు చెరకు రైతుల మీద చేసిన ఒక అధ్యయనం వెలువడింది. పంట డబ్బు చేతికొచ్చాక చేసినదానికంటే, చేతికి రాకముందు అదే రైతులు ఆలోచనకు సంబంధించిన పరీక్షల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. దీని మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి, కాబట్టి దీన్ని కూడా చివరి మాటగా తీసుకోమని నేను చెప్పను. కానీ నెలాఖరుకు ఈఎంఐ ఎలా అన్న టెన్షన్‌లో ఉన్న మనిషి తీసుకునే నిర్ణయాలు ఎలా ఉంటాయో ఈ పనిలో రోజూ చూస్తున్నాను. మీ టాప్‌అప్ ఆలోచన కూడా అలాంటిదే.

ఏం చేయాలంటే, రెండు షేర్లూ అమ్మేయండి. పెరిగినదాన్ని కూడా. దాన్ని కొన్నదీ అప్పుతోనే, దాని మీదా 15 శాతం నడుస్తోంది. రెండూ కలిపి సుమారు ఎనిమిది నెలల జీతం చేతికొస్తుంది. ఈఎంఐతో సహా మీ నెల ఖర్చు జీతంలో 80 శాతం అనుకుందాం. నాలుగు నెలల ఖర్చు, అంటే 3.2 నెలల జీతం, వేరే ఖాతాలో పక్కన పెట్టండి. దానికి డెబిట్ కార్డు తీసుకోవద్దు. మిగిలిన 4.8 నెలల జీతం లోన్‌కు పార్ట్ పేమెంట్‌గా కట్టండి. ముందస్తు చెల్లింపు ఛార్జీ ఎంతో బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. ఈఎంఐ తగ్గించుకుంటారా, గడువు తగ్గించుకుంటారా అని అడుగుతారు. గడువే తగ్గించమనండి. ఇదే ఈఎంఐ కడుతూ పోతే మిగిలిన బాకీ ఏడాదిన్నరలో తీరిపోతుంది. ఆ తర్వాత ఈఎంఐకి పోతున్న డబ్బంతా నిధి ఆరు నెలల ఖర్చుకు చేరేదాకా అందులోనే వేయండి.

అమ్మితే నష్టం ఖాయమైపోతుందని మనసు ఒప్పుకోకపోవచ్చు. లాభంలో ఉన్నదాన్ని త్వరగా అమ్మేసి, నష్టంలో ఉన్నదాన్ని పట్టుకు కూర్చోవడం మదుపర్లలో మామూలేనని షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే పరిశోధకులు 1985లోనే రాశారు. ఇంత చదివేవారు ఆ పత్రం కూడా చదివే ఉంటారు.

మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా కొంత వేసే సిప్ సంగతి అప్పు తీరాక చూద్దాం. వేరే బ్యాంకులో వడ్డీ తక్కువైతే మిగిలిన బాకీని అక్కడికి మార్చుకునే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అడిగి చూడండి, ఛార్జీలు పోనూ మిగిలితేనే మారండి. లోన్ మొత్తానికి, ఇంటి ఖర్చులకు సరిపడా టర్మ్ బీమా (మీకేదైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ వారమే తీసుకోండి.

ఆరోగ్య బీమా ఆఫీసుదే అన్నారు. ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. మీకు, భార్యకు, పాపకు ఒక పాలసీ, అమ్మగారికి విడిగా మరొకటి తీసుకోండి. ఆమె పాలసీ మాత్రం ఆలస్యం చేయొద్దు. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్‌ను, అంటే వాటికి క్లెయిమ్ ఇవ్వని కాలాన్ని, పాలసీ మొదలైన రోజు నుంచి లెక్కిస్తారు కాబట్టి ఎంత ఆలస్యమైతే అంత వెనక్కి జరుగుతుంది. ప్రపోజల్ ఫారంలో షుగర్ ఎప్పటి నుంచి ఉంది, ఏ మందులు వాడుతున్నారు అన్నీ ఉన్నదున్నట్టు రాయండి. ఏజెంటు వద్దన్నా రాయండి. దాచిన సంగతి ఆసుపత్రి కాగితాల్లో బయటపడితే క్లెయిమ్ తిరస్కరిస్తారు.