షట్టర్ మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

సెకండ్‌హ్యాండ్ కెమెరా కొన్నావనీ, పర్లాకిమిడిలో షార్ట్ ఫిలిం తీస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మహేంద్రతనయ ఇసకలో పట్టపగలు ఛేజింగు, రాత్రి ఇంట్లో గొడవ, రెండూ హై షట్టర్‌లోనే అట, అంటే ఒక్కో ఫ్రేము మీద వెలుగు పడే సమయం బాగా తగ్గించి. మన ఇంట్లో ఒకడు సినిమా తీస్తున్నాడని పొంగిపోయాను. ఆ రాత్రి సీను తలుచుకుంటే మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్నవి ముందు చెప్పేస్తాను. బ్యాటరీలు రెండుండాలి. కార్డు ముందురోజే ఖాళీ చెయ్యి. చొక్కా అంచుతో లెన్సు తుడవకు.

పగటి సీనుకి పెద్ద ఇబ్బంది లేదు. సెకనుకి 25 ఫ్రేములు తీస్తే 1/50, అంటే సెకనులో యాభయ్యోవంతు, మామూలు షట్టర్. పరిగెత్తేవాడి చేతులు కాస్త చెదిరి కనిపిస్తాయి, కంటికి అదే హాయి. 1/400కి వెళ్తే ప్రతి ఫ్రేమూ గీసినట్టుంటుంది, పరుగు కుదుపుగా ఉంటుంది, ఎగిరిన ఇసక రేణువులు లెక్కపెట్టొచ్చు. నీకు ఆ కంగారే కావాలంటే అలాగే తియ్యి. వెలుగు మూడు స్టాపులు పోతుంది, అంటే ఎనిమిదోవంతే మిగులుతుంది, ఎండలో అది పెద్ద లెక్క కాదు. మిగతా షాట్లలో ఎండ ఎక్కువైందని షట్టర్ పెంచకు, దానికి ఎన్‌డీ ఫిల్టర్ ఉంది, లెన్సు ముందు పెట్టి వెలుగు తగ్గించే నల్లద్దం. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) 100లో, 1/50కి ఎన్‌డీ 8 పెడితే లెన్సు కన్నం ఎఫ్ 8 దగ్గర సరిపోతుంది. ఎక్స్‌పోజర్, అంటే బొమ్మకి ఎంత వెలుగు పడాలన్నది, ఆటోలో వదలకు. మనిషి తెల్లటి ఇసక మీంచి తుప్పల నీడలోకి దూరగానే బొమ్మంతా దానంతటదే మారిపోతుంది.

ఇక రాత్రి సంగతి. 2004లో గుణుపురంలో ఒక పెళ్లికి వీడియో తియ్యడానికి ఒప్పుకున్నాను. మన నేరోగేజి చిన్నరైల్లోనే, కెమెరా ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. ఆ ఏడాదే ఆ రైలు ఆపేశారు. తలంబ్రాల్లో ప్రతి బియ్యపుగింజా విడివిడిగా కనపడాలని నా పంతం. షట్టర్ 1/500 పెట్టాను. కళ్లలో కొడుతోందని పంతులుగారు నా ఫోకస్ లైటు ఆపించేశారు. పందిట్లో ట్యూబులైట్లే మిగిలాయి. వెలుగు పదోవంతుకి పడిపోయినా షట్టర్ తగ్గించలేదు, బొమ్మని కెమెరాలోనే వెలిగించే గెయిన్ ఎక్కించేశాను. చిన్న నలుపు తెలుపు వ్యూఫైండర్లో నాకేమీ తేడా తెలియలేదు.

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైటు సెకనుకి వందసార్లు వెలిగి తగ్గుతుంది. 1/50లో రెండు వెలుగులు నిండుగా పడతాయి, 1/100లో ఒకటి. 1/500లో ఒక వెలుగులో అయిదోవంతు ముక్కే పడుతుంది, అది ఏ ముక్కో మన చేతిలో లేదు. కరెంటు కచ్చితంగా 50 దగ్గర నిలవదు, ఆ ముక్క జారుతూ ఉంటుంది. ఇంటికొచ్చి క్యాసెట్టు వేస్తే గింజలు వడగళ్లలా కనిపించాయి. పెళ్లికూతురి మొహం మాత్రం నెమ్మదిగా వెలుగుతూ, నెమ్మదిగా నల్లబడుతూ ఉంది. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా అంతే.

వాళ్ల నాయనమ్మ మంచం దిగలేక పెళ్లికి రాలేదు. క్యాసెట్టు కోసమే ఎదురుచూసింది. నేనే తీసుకెళ్లి వేశాను. చూసి చూసి, "ఏటి బాబూ, గుంటకి ఈ పెళ్లి ఇష్టం లేదేటి? మొగం అలా మాడ్చుకుంతంది" అంది. తప్పు నాదని ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. తలుపు పక్కన పెళ్లికూతురి తండ్రి నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అనకుండా డబ్బు మొత్తం ఇచ్చేశాడు. తిట్టినా బాగుండేది.

నీ కెమెరాలో సెన్సరు (వెలుగు పట్టే చిప్పు) వరసవరసగా చదువుతుంది కాబట్టి మొహం మీద చారలు పాకుతాయి. చవక ఎల్ఈడీ బల్బులూ అంతే. ఇంట్లో 1/50, లేదా 1/100. అంతకు మించితే నా మీద ఒట్టు. గొడవ సీనుకి కంగారు కావాలంటే కెమెరా చేత్తో పట్టుకో, నటులని దగ్గరికి జరుపు.

ఛేజింగు పొరపాటున కూడా రైలుపట్టాల దగ్గర పెట్టకు. మా చిన్నప్పుడు ఆ రైలు పక్కనే పరిగెత్తి ఎక్కేవాళ్లం. ఇప్పుడది పెద్ద లైను (బ్రాడ్‌గేజి), ఆ వేగం వేరు. మీ అమ్మకి నువ్వొక్కడివే.

తీసే ముందురోజు రాత్రి ఆ గదిలో దీపాలన్నీ వేసి ఒక్క నిమిషం తీసి నాకు పంపు, ఎంత రాత్రయినా చూస్తాను. నా ఎన్‌డీ ఫిల్టర్లు బీరువాలో ఉన్నాయి. లెన్సు మూతి మీద ఫిల్టరు సైజు ఎన్ని ఎంఎం అని రాసి ఉందో చూసి చెప్పు, బరంపురం నుంచి ఎవరైనా వస్తుంటే పంపిస్తాను.

మీ మామయ్య