తలకోనకు వచ్చే ముందు ఇది చదువు

పాపా,

నవంబర్‌లో నువ్వూ నీ ఆఫీసు పిల్లలూ తలకోన, నాగలాపురం కొండలు తిరగడానికి వస్తున్నారని మీ అమ్మ ఫోన్ చేసింది. చెప్పడం తక్కువ, ఏడవడం ఎక్కువ. నాకు మాత్రం లోపల గర్వంగానే ఉంది. మా కాలంలో ఆడపిల్లలు కొండెక్కడమంటే తిరుమల మెట్లే, అదీ పెద్దవాళ్ళ వెనకాల.

కానీ ఆ నెలే దొరికిందా మీకు? మనకు గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలవేనని నీకు తెలీదా? 2021 నవంబర్‌లో వానలకు తిరుమల కొండెక్కే శ్రీవారి మెట్టు దారి దెబ్బతింటే నెలల తరబడి మూసేశారు.

షూ, టార్చి, నీళ్ళు సరే. అటవీశాఖ వద్దన్న చోటికి పోవద్దు. ఎర్రచందనం అడవిలో ఊరికే తిరిగినా అనుమానంగా చూస్తారు. మీ అమ్మకి చిరుతల టెన్షన్. గుంపుగా, పొద్దుండగానే నడవండి, చాలు. నా భయమంతా వాగులే.

మీ పెద్దమామ కుర్రతనంలో మమ్మల్నందర్నీ నాగలాపురం కొండకు తీసుకుపోయాడు. వాగు మధ్య ఇసుక మెత్తగా ఉందని అక్కడే పొయ్యి పెట్టించాడు. ఒడ్డున వండుకుందామని మా అమ్మ మొత్తుకున్నా వినలేదు. ‘ఆకాశం చూడమ్మా, మబ్బుతునకైనా ఉందా?’ అన్నాడు. వాన మా నెత్తిన కాదు, పైన ఎక్కడో కురిసింది. ఆ కొండలన్నీ రాతిబండలు, నీళ్ళు ఇంకవు, పడ్డవి పడ్డట్టే కిందికి దొర్లుతాయి. అద్దంలా ఉన్న నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొచ్చాయి. అవతల మేకలు కాసే ముసలాయన ‘పైకెక్కండి!’ అని కేకేశాడు. చంటిదాన్ని చంకనేసుకుని అమ్మ బండెక్కేసరికి, మూత పెట్టిన అన్నం గుండు నిటారుగా, బుద్ధిగా తేలుకుంటూ పోయింది. ఆ చంటిది మీ అమ్మే. ఇప్పటికీ ఆ ఊసెత్తితే మామ క్రికెట్ గురించి మాట్లాడతాడు.

అందుకే ఆకాశం కాదు, నీళ్ళ రంగు చూడు. రంగు మారితే చెప్పులు, ఫోను, ఏదున్నా వదిలేసి ఒడ్డెక్కు. తలకోనలో 270 అడుగుల పైనుంచి పడుతుంది జలపాతం. దాని కింద నిలబడి రీల్స్ తీశావంటే నేనే వచ్చి చెవి మెలేస్తా.

వాన పట్టుకుంటే కొండలు మానేసి గుడిమల్లం శివాలయానికి పోండి. లింగం మీదే చెక్కిన శివుడు నిలబడి ఉంటాడు, ఒక చేత్తో పొట్టేలిని వెనక కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీసి. అక్కణ్ణుంచి శ్రీకాళహస్తి దగ్గరే. కలంకారీ వేసేవాళ్ళ ఇంట్లో కాసేపు కూర్చో. కరక్కాయ, పాలలో తడిపి ఆరేసిన బట్ట వాసన చూడు. బేరం మాత్రం ఆడకు, ఒక్కో రంగుకూ ఒక్కోసారి ఉతికి ఆరేసే పని అది.

శనివారం రాత్రికి అందరూ మా ఇంటికే. రాగిసంగటి, నాటుకోడి పులుసు చేస్తా. మాంసం తిననివాళ్ళుంటే ముందే చెప్పు, చెనిక్కాయల ఊరిబిండి నూరాలి.

మీ పెద్దమ్మ