అమెరికాలో పాస్టర్ కుటుంబం, ఇండియాలో సంఘం: ముందే తేల్చుకోవలసిన సంగతులు

అమెరికాలోని తెలుగు సంఘం పాస్టరుగా రమ్మంటే చాలామంది ముందు వీసా గురించి అడుగుతారు. అంతకంటే ముందు అడగవలసింది ఒకటుంది: పిలిచిన సంఘం దగ్గర అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చిన పన్ను మినహాయింపు ఉత్తరం ఉందా? అమెరికా చట్టంలో చర్చికి, మినహాయింపు కోరే దరఖాస్తు అయిన ఫారం 1023 పెట్టకపోయినా మినహాయింపు ఉంటుంది. అది నిజమే కనుక అద్దె హాల్లో నడిచే చిన్న సంఘాలు ఆ దరఖాస్తు జోలికే పోవు. కానీ మత సేవకులకిచ్చే ఆర్-1 వీసాకు సంఘం ఐ-129 పిటిషన్ వేసేటప్పుడు ఆ ఉత్తరం జతచేసి తీరాలి. అది సంఘం సొంత పేరు మీద ఉండవచ్చు, ఆ సంఘం చేరిన పెద్ద శాఖకు, అంటే డినామినేషన్‌కు ఉన్న గ్రూపు మినహాయింపు కిందిది కావచ్చు. ఇది లేదని చివర్లో తెలిస్తే మొత్తం పని నెలల తరబడి ఆగిపోతుంది.

రెండో చిక్కు స్వతంత్ర సంఘాల సేవకులకు వస్తుంది. దరఖాస్తుకు ముందు వరుసగా రెండేళ్లు అదే డినామినేషన్‌లో సభ్యులై ఉండాలన్నది నిబంధన. సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు వాళ్లకు సభ్యత్వ పత్రంతో సరిపోతుంది. ఊళ్లో సొంతంగా సంఘం పెట్టుకున్న సేవకుడైతే రెండు సంఘాల విశ్వాస ప్రకటన, ఆరాధనా క్రమం, పరిపాలన ఒకే తరహావని కాగితాలతో చూపించాలి. అందుకే ఇండియాలో ఉండగానే అభిషేక పత్రం, సంఘం రిజిస్ట్రేషన్, తేదీలు వేసిన సంఘ తీర్మానాలు సర్దిపెట్టుకోండి. పని వారానికి సగటున 20 గంటలకు తగ్గకూడదు. జీతం, వసతి ఎంతో, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రుజువు ఉండాలి. "దేవుడు సమకూరుస్తాడు" అన్న విశ్వాసం మనకు బలం, కానీ అధికారికి బ్యాంకు స్టేట్‌మెంటు కావాలి. తనిఖీకి మనిషి వచ్చినా రావచ్చు. ఆ రోజు మందిరం చిరునామాలో ఇంకెవరో ఉంటే కష్టం.

ఇక కుటుంబం. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించవలసింది ఇదే, అందరూ తక్కువగా ఆలోచించేదీ ఇదే. పాస్టరమ్మగారికి, పిల్లలకు వచ్చేది ఆర్-2, అంటే ఆర్-1 మనిషి మీద ఆధారపడినవారి వీసా. దాని మీద చదువుకోవచ్చు గాని సంపాదించకూడదు. అక్కడ టీచరుగానో నర్సుగానో పనిచేసి ఇల్లు నడిపిన ఆవిడ ఇక్కడ పూర్తిగా భర్త జీతం మీద ఆధారపడతారు. ఇంట్లో బట్టలు కుట్టి డబ్బు తీసుకోవడం, పక్కింటి పిల్లల్ని చూసి డబ్బు తీసుకోవడం కూడా నిబంధన ఉల్లంఘనే. "చిన్న మొత్తమే కదా" అని విశ్వాసులే ప్రేమతో ఇప్పిస్తారు, గ్రీన్‌కార్డు దశలో అదే మెడకు చుట్టుకుంటుంది. ఉద్యోగానికి, పన్నుకు వాడే సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఆవిడకు రాదు. పన్ను రిటర్నులో పేరు చేర్చడానికి ఫారం డబ్ల్యూ-7 తో ఐటిన్ అనే పన్ను గుర్తింపు నంబరు తీసుకోవాలి. చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు కోసం, నంబరుకు అర్హత లేదని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఇచ్చే ఉత్తరం అడుగుతారు. వచ్చిన మొదటి నెలలోనే ఆ పని చేయించండి. కారు నడపలేక ఇంట్లోనే ఉండిపోయిన తల్లి ఒంటరితనం ఆ కుటుంబాన్ని లోపల్లోపల తినేస్తుంది.

అందుకే పిలుపు ఉత్తరంలో జీతంతో పాటు ఆరోగ్య బీమా ఎవరు కడతారు, ఏడాదికి ఎన్ని రోజులు సెలవు, ఎన్నేళ్లకోసారి ఇండియాకు టికెట్లు, వారంలో ఏ రోజు పూర్తిగా ఇంటిది అన్నవి రాయించుకోండి. పెద్దల ముందు ఇవి అడగడం మర్యాద కాదని మనవాళ్లు మొహమాటపడతారు. అమెరికన్ చర్చిలో ఇవి మామూలుగా అడిగేవే, అడగకపోతే అవసరం లేదనుకుంటారు. పాస్టరమ్మగారు సండేస్కూలు, స్త్రీల సమాజం, పాటల బృందం మూడూ చూసుకోవాలని సంఘం మనసులో అనుకుంటే అది కూడా బయటికి రావాలి. జీతమిచ్చి మరొకరిని పెట్టుకోవలసిన పనిని ఆవిడతో ఊరికే చేయించుకోకూడదు.

పన్ను విషయంలో పాస్టరు పరిస్థితి మిగతా ఉద్యోగుల్లా ఉండదు. ఆదాయపు పన్నుకు ఆయన ఉద్యోగి, సోషల్ సెక్యూరిటీకి (ప్రభుత్వ పింఛను, వైద్య బీమాల కోసం కట్టే పన్నుకు) మాత్రం సొంతంగా పనిచేసుకునే మనిషి. పన్ను లెక్కలో నివాసి అయ్యాక 15.3 శాతం తానే కట్టాలి. ఏడాదికి 40,000 డాలర్లు ఇస్తూ అందులో 18,000 ఇంటి భత్యంగా చూపించారనుకోండి. ఆ 18,000 మీద ఆదాయపు పన్ను లేదు, కానీ సోషల్ సెక్యూరిటీ లెక్క మొత్తం 40,000 మీద పడి సుమారు 5,650 డాలర్లవుతుంది. చర్చి దీన్ని జీతంలోంచి పట్టుకోదు. ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి 15వ తేదీలకు మీరే కట్టుకోవాలి. ఇంటి భత్యం ఎంతో బోర్డు ముందుగా తీర్మానించి మినిట్స్‌లో రాయాలి, ఏడాది గడిచాక రాసుకుంటే చెల్లదు. ఫారం 4361 వేస్తే 15.3 శాతం తప్పుతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది ప్రభుత్వ బీమాను మనస్సాక్షి రీత్యా, విశ్వాసం రీత్యా వ్యతిరేకించేవారి కోసం ఉన్న ఫారం. డబ్బు మిగులుతుందని దానిమీద సంతకం చేస్తే అబద్ధ ప్రమాణమే, పైగా వెనక్కి తీసుకోలేరు.

ఆర్-1 మొదట 30 నెలలకు ఇస్తారు, మొత్తం కలిపి ఐదేళ్లు. అమెరికాలో ఉన్న రోజులే లెక్కలోకి వస్తాయి కనుక ఇండియా ప్రయాణాల బోర్డింగ్ పాసులు దాచుకోండి. గ్రీన్‌కార్డుకు ఐ-360 వేయాలంటే వారానికి కనీసం 35 గంటల పూర్తికాల ఉద్యోగం చూపించాలి, క్యూ కూడా పెద్దది. నాలుగో ఏట మొదలుపెడితే ఆలస్యమే. వేరే నగరంలో కూటములకు పిలిచి కానుక ఇస్తామంటే జాగ్రత్త. పిటిషన్ వేసిన సంఘానికే మీరు పనిచేయాలి. రెండో సంఘంలో క్రమంగా సేవ చేయాలంటే వాళ్లూ విడిగా ఐ-129 వేయాలి.

ఇప్పుడు అవతలి ఒడ్డు. ఇక్కడ స్థిరపడగానే ఊరి సంఘానికి మందిరం కట్టించాలని, పాస్టర్లకు నెలనెలా సాయం పంపాలని అందరికీ ఉంటుంది. మంచి కోరికే. మీది భారత పాస్‌పోర్టు అయితే, మీ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజు నుంచి, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డున్నా సరే, అదే డబ్బు విదేశీ విరాళమవుతుంది. అమెరికన్ చర్చి కానుకలను పోగుచేసి మీ ఖాతాలోంచి పంపినా అవి మీ సంపాదన కావు.

విదేశీ విరాళం తీసుకునే సంస్థకు భారత విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు కానీ ముందస్తు అనుమతి కానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత డబ్బు న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఎఫ్‌సీఆర్ఏ ఖాతాలోనే దిగాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అన్నిటికంటే పెద్ద మార్పు ఏమిటంటే, నమోదైన సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, దానికి కూడా నమోదు ఉన్నా సరే. విజయవాడలోని పెద్ద ట్రస్టు తీసుకుని పల్లె సంఘాలకు పంచే పాత పద్ధతి అక్కడితో ముగిసింది. ఇది తెలియని అమెరికన్ చర్చిలు ఇంకా అదే అడుగుతాయి. "ఒక్కసారికి పాస్టరుగారి సొంత ఖాతాలో వేద్దాం" అంటే ఒప్పుకోకండి, కేసు పడితే జైలు భయం ఆయనకే. నమోదు ఐదేళ్లకు ముగుస్తుంది. డబ్బు పంపే ముందు ఎఫ్‌సీఆర్ఏ వెబ్‌సైటులో ఆ సంస్థ నమోదు ఈ రోజుకు చెల్లుతోందో లేదో మీరే చూడండి.

ప్రయాణాల్లో కూడా ఇదే పట్టింపు ఉంటుంది. పర్యాటక వీసా మీద ఇండియాకు వచ్చిన అమెరికన్ పాస్టరు ఆరాధనలో కూర్చోవచ్చు గాని వేదికెక్కి ప్రసంగించకూడదు. ప్రకటనా పోస్టరు మీద ఫోటో వేయగానే సాక్ష్యం తయారైనట్టే. సువార్త పనికి మిషనరీ వీసా తీసుకోవాలి. ఓసీఐ ఉన్న తెలుగువాళ్లు దీన్ని తమకు సంబంధం లేనిదనుకుంటారు. 2021 మార్చి 4 నాటి ఉత్తర్వు ప్రకారం ఓసీఐదారులు కూడా మిషనరీ పనికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి.

పిల్లల ఆశ్రమాలకు సాయం చేసేవాళ్లు, ఆ ఆశ్రమం బాలల రక్షణకు ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం కింద నమోదై ఉందో లేదో పత్రం చూసి నిర్ధారించుకోండి. పిల్లల ముఖాలు, పేర్లు కనిపించే ఫోటోలు దాతలకు పంపడం అదే చట్టంలో నేరం. నెలకో ఫోటో కావాలని చర్చి అడిగితే, కుదరదని చెప్పి హాజరు, ఖర్చుల లెక్క పంపించండి. ఆ బిడ్డల గౌరవం కన్నా మన న్యూస్‌లెటర్ గొప్పది కాదు.

రెండు సంఘాల స్నేహంలో డబ్బు ఒక వైపు నుంచే వస్తే మాట కూడా ఆ వైపు నుంచే వస్తుంది. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, రెండేళ్ల తర్వాత దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, మిషనరీల త్యాగాన్ని ఒప్పుకుంటూనే, మాకు స్నేహితులను ఇవ్వండని ముఖం మీదే అడిగారు. నూరేళ్లు దాటినా ఆ మాట అవసరమే. 1903లో నెల్లూరు బాప్టిస్టులు తమ కానుకలతోనే జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, అక్కడి తెలుగు కూలీల దగ్గరికి పంపారు. తెలుగు సంఘం ఎప్పుడూ చేయిచాచిన సంఘమే అనుకునే అమెరికన్ కమిటీకి ఈ సంగతి తప్పక చెప్పండి.

కాబట్టి ఒప్పందం రాసేటప్పుడు పంపే మొత్తం ఒక్కటే రాసి వదిలేయకండి. ఊరి సంఘం సొంతంగా ఎంత వేస్తుంది, మూడేళ్లలో బయటి సాయం ఏటా ఎంత తగ్గుతుంది, లెక్కలు ఏ భాషలో ఏ నెలలో వస్తాయి, పాస్టరు మారితే సాయం ఎవరికి చెందుతుంది అన్నవి రాయండి. సాయం ఆపవలసి వస్తే కనీసం ఆర్నెల్ల ముందు చెప్పాలన్న షరతు ఉండాలి. జూన్‌లో బడి ఫీజు కట్టాల్సిన సేవకుడికి మేలో ఆ కబురు వెళ్లకూడదు.