పాపను దూరం చేయకండి, తల్లికి వైద్యం చేయించండి

ప్రశ్న: మా అమ్మాయికి 28 ఏళ్ళు. తొలి కాన్పు, సిజేరియన్ అయింది. పాపకు నాలుగు నెలలు నిండాయి. తల్లీబిడ్డలు కోనసీమలో మా ఇంట్లోనే ఉన్నారు, అల్లుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ రెండు వారాలకోసారి వచ్చి వెళ్తుంటాడు. కాన్పయిన పది రోజుల నుంచే అమ్మాయి దిగులుగా ఉంటోంది. పాలిస్తుంది కానీ పాప ముఖంలోకి చూడదు. పాలు తాగించగానే నా చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకుంటుంది. పాప నిద్రపోయినా తనకు నిద్ర పట్టదు, అన్నం సహించదు. "నేను తల్లిగా పనికిరాను, పాపకు నాకంటే నువ్వే నయం" అని ఏడుస్తుంది. ఈమధ్య పాప కూడా పెద్దగా నవ్వడం లేదు, ఊసులాడడం లేదు. చుట్టాలు దిష్టి అంటున్నారు, వియ్యపురాలు గారాబం అంటున్నారు. తల్లి ఇలా ఉంటే పాప బుద్ధి మందగిస్తుందా? పాపను నేను ఉంచుకుని, అమ్మాయిని కొన్నాళ్ళు హైదరాబాద్ పంపిస్తే కోలుకుంటుందా? మందులు వాడితే పాలు మాన్పించాలా? – ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, మీరు రాసిన వాటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టినది "పాపకు నాకంటే నువ్వే నయం" అన్న మీ అమ్మాయి మాట. పాప నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, తాను దేనికీ పనికిరానన్న తలపు నెలల తరబడి వదలకపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే ఇది ప్రసవానంతర కుంగుబాటు కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. మనిషిని చూడకుండా ఉత్తరాన్ని బట్టి నిర్ధారించలేను కనుక, మానసిక వైద్యులకు చూపించడం తప్పనిసరి. కాన్పయిన మూడో రోజుకో నాలుగో రోజుకో మొదలై, కారణం లేకుండా కన్నీళ్ళు తెప్పించే దిగులు చాలామంది బాలింతలకు వస్తుంది, రెండు వారాల లోపు దానంతట అదే పోతుంది. మీ అమ్మాయి ఆ గడువు దాటి మూడు నెలలు పైబడింది. మన దేశంలో జరిగిన పలు అధ్యయనాలను కలిపి 2017లో లెక్కించినప్పుడు, సుమారు 22 శాతం మంది తల్లుల్లో ఈ కుంగుబాటు ఉన్నట్లు తేలింది, అంటే దాదాపు ఐదుగురిలో ఒకరికి. దీన్ని గారాబం అనడం అన్యాయం. వియ్యపురాలితో వాదనకు దిగకండి, ఇది జబ్బని, దీనికి వైద్యం ఉందని మాత్రం అల్లుడి చేత ఆమెకు చెప్పించండి.

ఇక పాప సంగతి. చంటిపిల్లలకు పాలతో పాటు బదులు కూడా కావాలి. రెండో నెలలో పాప మనల్ని చూసి నవ్వడం మొదలుపెడుతుంది, తర్వాత "ఉంగా" అంటుంది. మనం అదే రాగంలో "ఉంగా" అంటాం, పాప కాళ్ళూ చేతులూ ఆడిస్తుంది, మనం మళ్ళీ పలుకుతాం. పెద్దలకు అది ముద్దు మాత్రమే కావచ్చు కానీ, పాపకు అది చదువు. తాను పిలిస్తే ఎవరో పలుకుతారన్న నమ్మకం, మాటకు ముందు ఉండే వంతుల క్రమం, ఎదుటివారి ముఖంలోని భావాన్ని చదవడం, ఏడుపు నుంచి తేరుకోవడం, ఇవన్నీ రోజుకు ఎన్నోసార్లు జరిగే ఆ చిన్న ఇచ్చిపుచ్చుకోవడాల లోనే పాప నేర్చుకుంటుంది.

1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతిని కళ్ళకు కట్టించారు. బిడ్డతో ఆడుతున్న తల్లిని కొద్ది నిమిషాల పాటు ముఖంలో ఏ కదలికా లేకుండా ఊరికే చూస్తూ ఉండమన్నారు. బిడ్డ మొదట నవ్వి, చేతులు చాచి, గొంతు చేసి తల్లిని మళ్ళీ ఆటలోకి లాగాలని చూస్తుంది. ఫలితం లేకపోతే ముఖం తిప్పుకుంటుంది, ఏడుస్తుంది లేదా నీరసించి ఊరుకుంటుంది. కుంగుబాటు ఉన్న తల్లి కావాలని అలా చేయదు. ఆ జబ్బే ఆమె ముఖంలోని కదలికను, గొంతులోని హెచ్చుతగ్గులను తీసేస్తుంది, పాప నవ్వు ఆమె కంటబడినా బదులు ఆలస్యంగా వస్తుంది లేదా రాదు. కొందరు తల్లుల్లో ఇదే జబ్బు విసుగుగా బయటపడుతుంది. పిలిచినా పలుకు రాని ఇంట్లో పిల్లలు క్రమంగా పిలవడం తగ్గిస్తారు, మీ పాప నవ్వు తగ్గడానికి ఇదొక కారణం కావచ్చు. అయితే ఆ ప్రయోగంలోనే మరో సంగతి కూడా ఉంది. తల్లి మళ్ళీ ఆటలోకి రాగానే బిడ్డ కాసేపు అలిగినట్లు ఉండి, తిరిగి ఆమెతో కలిసిపోతుంది. మీరు దీన్ని గుర్తుంచుకోవాలని నా కోరిక. పూర్తి ఆరోగ్యంగా ఉన్న తల్లులు కూడా బిడ్డ సైగలన్నిటినీ అందుకోలేరు, తప్పినది మళ్ళీ కలుస్తుండడమే పిల్లలకు చాలు.

ప్రభావం మనసుతోనే ఆగదు. గోవాలో తల్లీబిడ్డలను కొన్ని నెలల పాటు గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, కుంగుబాటు ఉన్న తల్లుల పిల్లలు ఆరు నెలల వయసులో బరువు తక్కువగా ఉండే అవకాశం మిగతా పిల్లలకంటే రెట్టింపుకు మించి ఉందని, వారి మానసిక వికాసం కూడా కొంత వెనుకబడిందని తేలింది. దీన్ని తల్లి తప్పుగా లెక్కవేయకూడదు. తిండి సహించక, నిద్ర లేక, ఏ పనికీ లేవలేని మనిషికి పాప ఆకలి సైగను పసిగట్టడం, టీకా తేదీని గుర్తుంచుకోవడం కొండంత భారమవుతాయి. పాప బుద్ధి మందగిస్తుందా అని అడిగారు. కొన్ని నెలల కుంగుబాటు వల్ల అలా జరిగి తీరుతుందని చెప్పడానికి ఆధారం లేదు. జబ్బు తీవ్రంగా ఉండి, వైద్యం లేకుండా ఏడాది, అంతకు మించి సాగినప్పుడే బిడ్డ మాట మీద, ప్రవర్తన మీద, తర్వాత చదువు మీద దాని నీడ ఎక్కువగా పడుతుంది. నాలుగో నెలలోనే గుర్తించారు కనుక, మీ చేతిలో సమయం ఉంది.

పాపలోని మార్పునంతా తల్లి దిగులుకే అంటగట్టకండి. నాలుగు నెలల పాప నవ్వు, ఊసులు తగ్గాయంటే వినికిడి, చూపు, బరువు, ఎదుగుదల పిల్లల డాక్టరు చేత పరీక్ష చేయించాలి, ఇంకా పరీక్ష అవసరమంటే జిల్లా ఆసుపత్రిలో ఎదుగుదల తేడాలున్న పిల్లలను చూసే సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. 6, 10, 14 వారాల టీకాలు పడ్డాయో లేదో కార్డులో చూడండి.

పాపను ఉంచుకుని అమ్మాయిని పంపే ఆలోచన మానుకోండి. మీరు ప్రేమతోనే అనుకున్నారు, అందులో నాకు సందేహం లేదు. కానీ పాపకు తన అవసరం లేదన్న ఆమె భ్రమకు కన్నతల్లే ముద్ర వేసినట్లవుతుంది, పైగా పాలు తగ్గిపోతాయి, అల్లుడు ఆఫీసుకు వెళ్ళాక ఆ గదిలో ఆమె ఒంటరిదవుతుంది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తీవ్రమైన జబ్బుతో చేరిన తల్లిని సైతం బిడ్డతో పాటే ఉంచి చికిత్స చేసే ప్రత్యేక విభాగం ఉంది. ఆ తీవ్రతలోనే వేరు చేయకుండా చూసుకుంటున్నప్పుడు, ఇంట్లో మీ నీడన ఉన్న ఆమెను ఎందుకు వేరు చేయాలి?

మీ ఒడి ఈ నాలుగు నెలలూ పాపకు ఎంత మేలు చేసిందో మీకు తెలియకపోవచ్చు. నవ్వితే నవ్వే ముఖం, పలికితే పలికే గొంతు ఇంట్లో ఒక్కటున్నా పసిబిడ్డకు రక్షణే. ఇకమీదట ఆ పని పాప తల్లి పక్కనే కూర్చుని చేయండి. పాపను కాళ్ళ మీద వేసుకుని మీరు నీళ్ళు పోయండి, తుండులో చుట్టి అందుకునే పని అమ్మాయికి వదలండి. ఉదయమో సాయంత్రమో, ఆమెకు మనసు కాస్త తేలికగా ఉండే వేళ చూసి పావుగంట పాపను పక్కలో పడుకోబెట్టండి. పాప తల్లివైపు చూసినప్పుడు "నీ గొంతు వినగానే తల తిప్పింది చూడు" అని ఉన్నది ఉన్నట్లు చెప్పండి. "నవ్వించు, మాట్లాడు" అని మాత్రం తరమకండి. రాత్రి ఒక పాలపూట మీరో అల్లుడో చూసుకుని, ఆమెకు వరుసగా నాలుగైదు గంటల నిద్ర దక్కనివ్వండి. అమ్మాయి ముందే పిండి ఉంచిన తన పాలను గిన్నె చెంచాతో పట్టవచ్చు. రెండు వారాలకోసారి రావడం ఇప్పుడు సరిపోదని అల్లుడికి నా మాటగా చెప్పండి. పితృత్వ సెలవో, ఇంటి నుంచి పనో, ఏది వీలైతే అది తీసుకుని నెల రోజులైనా అక్కడ ఉండాలి.

వైద్యానికి ఈ వారంలోనే వెళ్ళండి. చుట్టాల మాట కాదనలేక దిష్టి తీయించినా నష్టం లేదు కానీ, డాక్టరు దగ్గరకు వెళ్ళడం ఒక్క రోజు కూడా వాయిదా పడకూడదు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు. బాలింతల కుంగుబాటును పసిగట్టడానికి 1987లో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని పది ప్రశ్నలు అడిగి తీవ్రతను అంచనా వేయవచ్చు, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా చేయించమనండి, ఎందుకంటే కాన్పు తర్వాత అవి కూడా ఇలాంటి నీరసాన్నీ దిగులునూ తెస్తాయి. మాటలతో చేసే చికిత్సను తేలికగా చూడవద్దు. పాకిస్తాన్‌లోని రావల్పిండి దగ్గరి గ్రామాల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు కుంగుబాటు ఉన్న తల్లుల ఇళ్ళకు వెళ్ళి మాట్లాడినప్పుడు, బిడ్డలకు ఆరు నెలలు నిండేసరికి జబ్బు మిగిలినవారు 23 శాతమే, ఆ సహాయం అందని వారిలో 53 శాతం అని 2008లో వెల్లడైంది. సహాయం అందిన ఇళ్ళలో పిల్లలకు టీకాలు సరిగా పడ్డాయి, విరేచనాలు తగ్గాయి, తల్లీ తండ్రీ బిడ్డతో ఆడే సమయం పెరిగింది.

మీ అమ్మాయి చనిపోవాలని ఉందన్నా, పాపను ఏమైనా చేస్తానేమోనని భయపడినా, లేనివి కనబడుతున్నాయని వినబడుతున్నాయని చెప్పినా, రోజుల తరబడి నిద్ర లేకుండా పొంతన లేని మాటలు మాట్లాడినా అదే రోజు, రాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆమెను, పాపను ఒంటరిగా వదలకండి. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, మెల్లగా నేరుగా అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మందుల కోసం పాలు మాన్పించాల్సిన అవసరం సాధారణంగా రాదు. కుంగుబాటుకు ఇచ్చే సెర్ట్రాలిన్ వంటి మందు తల్లిపాలలోకి చాలా తక్కువగా చేరుతుంది కనుక, పాలిచ్చే తల్లులకు వైద్యులు తరచు దాన్నే ఎంచుకుంటారు. పాలిస్తున్నట్లు, పాప వయసు, బరువు ముందే చెప్పండి. మందు గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఆలోగా పనిచేయడం లేదని మానేయకూడదు. నెమ్మదించాక కూడా డాక్టరు చెప్పినన్ని నెలలు వాడాలి. పాపకు తనకంటే మీరే నయమని మీ అమ్మాయి మళ్ళీ అన్నప్పుడు, "నేను అమ్మమ్మను, అమ్మవు నువ్వే, నీకు నయమయ్యేదాకా మీ ఇద్దరినీ నేను చూసుకుంటాను" అని చెప్పండి.