థాయ్ పేషెంట్ పాక్షిక మోకీలు మార్పిడిలో టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) ప్లేట్ బయటికొస్తోంటే

తప్పు సైజుది కాకపోవచ్చు, టిబియాలో పెట్టే నిలువు కోతది కావచ్చు. మీ బ్యాంకాక్ పేషెంట్ 148 సెం.మీ. మనిషి, ప్లేట్ ముందు-వెనకలకు సరిపోయి, లోపలి పక్కన 3 మి.మీ. పొడుచుకొస్తోందన్నారు. ఆసియా టిబియాలు చాలావాటికి వెడల్పు తక్కువ, ఇది మామూలే.

1. ఆస్టియోఫైట్లు (అంచుల్లో పెరిగిన అదనపు ఎముక) తీసేశాకే కొలవండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: మోకాలి మధ్యలోని లిగమెంట్ అయిన ఏసీఎల్‌కి భయపడి కోతను లోపలి పక్కకు (మీడియల్ వైపు) జరిపేస్తారు, వెడల్పు అక్కడే పోతుంది. ఏసీఎల్ అతుకును తాకకుండా, మీడియల్ స్పైన్ (టిబియా పైభాగం మధ్యలో లోపలి వైపు ఉండే మొన) పక్కనే కోయాలి. అటు 1-2 మి.మీ. జరిపినా ట్రయల్ (కొలత చూసే తాత్కాలిక ప్లేట్) మోకాలి మధ్య వైపు సర్దుకుంటుంది. రంపం మాత్రం వెనక గట్టి పొర అయిన కార్టెక్స్‌లోకి దిగకూడదు, చిన్న టిబియా విరగొచ్చు.

3. అప్పటికీ పొడుచుకొస్తే సైజు తగ్గించండి. ప్లేట్ టిబియా వెనక అంచు దాకా వెళ్లాలి, ముందు కాస్త ఖాళీ ఉన్నా పర్లేదు.

ఎత్తును బట్టి సైజు చెప్పే చార్ట్ ఫీమర్‌ (తొడ ఎముక) భాగం అంచనాకే.